పలకని ఫిల్టర్

మెయిల్ సర్వర్‌లో ఉత్తరాన్ని అందుకునే ప్రోగ్రామ్ ఒకటి, దాన్ని చదివి స్పామో కాదో చెప్పే ప్రోగ్రామ్ ఇంకొకటి. పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్, సెండ్‌మెయిల్ మొదటి కోవకు చెందినవి. స్పామ్ అసాసిన్, ఆర్‌స్పామ్‌డీ రెండో కోవవి. ఒకే కంప్యూటర్లో పక్కపక్కనే నడుస్తున్నా ఇవి రెండూ వేర్వేరు. ఏ మాట చెప్పుకోవాలన్నా పోర్టు ద్వారానో సాకెట్ ద్వారానో కనెక్షన్ కలుపుకోవాల్సిందే. ఆ కనెక్షన్ కుదరని రోజున ఫిల్టర్ ఎంత తెలివైనదైనా లేనట్టే. "స్పామ్ ఫిల్టర్ పనిచేయడం లేదు" అనే ఫిర్యాదు రాగానే ఫిల్టర్ నియమాలను మార్చడం మొదలుపెట్టేవాళ్లు చాలామంది. అంతకన్నా ముందు చూడాల్సింది ఉత్తరం అసలు ఫిల్టర్ దాకా చేరుతోందా లేదా అన్నది.

ఈ విడివిడి ఏర్పాటుకు కారణం చరిత్రలో ఉంది. ఈమెయిల్ రవాణాకు నేటికీ ఆధారమైన ఎస్ఎంటీపీ పద్ధతిని జాన్ పోస్టెల్ 1982లో రాసిపెట్టినప్పుడు అందులో వడపోత అనే మాటే లేదు. స్పామ్ అప్పటికే ఉంది. 1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్ల గురించి ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి పంపిన ప్రకటననే తొలి స్పామ్‌గా చెబుతారు. అయినా అదొక చిరాకు తప్ప ఉపద్రవంగా ఎవరికీ తోచలేదు. 1990ల మధ్యకొచ్చేసరికి పరిస్థితి మారిపోయింది. మెయిల్ మోసే ప్రోగ్రాములను తిరగరాయడం కంటే పక్కన వేరే ప్రోగ్రామ్‌ను నిలబెట్టి దాన్ని అడగడం తేలికైంది. జస్టిన్ మేసన్ 2001లో విడుదల చేసిన స్పామ్ అసాసిన్ అలా వచ్చినవాటిలో పేరుపొందినది. తర్వాత అది అపాచీ ఫౌండేషన్ గూటికి చేరింది.

స్పామ్ అసాసిన్ ఉత్తరాన్ని వందలాది నియమాలతో పోల్చి ఒక్కోదానికి మార్కులు వేస్తుంది. మొత్తం 5కు చేరితే, అమరికను ఎవరూ మార్చకపోతే, స్పామ్ అని ముద్ర వేస్తుంది. పెర్ల్ భాషలో రాసిన ఈ ప్రోగ్రామ్‌ను ఉత్తరం ఉత్తరానికీ కొత్తగా లేపితే, నియమాలన్నీ చదువుకోవడానికే బోలెడు సమయం పడుతుంది. అందుకే దీన్ని రెండుగా చీల్చారు. స్పామ్‌డీ అనేది నియమాలన్నీ ముందే చదువుకుని మెమరీలో సిద్ధంగా ఉండి, 783వ నంబరు పోర్టు దగ్గర ఎదురుచూస్తుంది. స్పామ్‌సీ అనేది సీ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్. ఉత్తరాన్ని పట్టుకెళ్లి స్పామ్‌డీకి ఇచ్చి, మార్కులు వేసిన ప్రతిని తిరిగి తెస్తుంది. వేగం కోసం చేసిన ఈ ఏర్పాటు వల్లే, తెగిపోవడానికి వీలున్న ఒక లంకె కూడా వచ్చిపడింది.

ఒకే జబ్బు, రెండు లక్షణాలు

లంకె తెగితే ఏమవుతుందన్నది ఫిల్టర్ మీద ఆధారపడదు. ఫిల్టర్ దొరకనప్పుడు ఏం చేయాలని మెయిల్ ప్రోగ్రామ్‌కు ముందే చెప్పి ఉంచారో దాని మీద ఆధారపడుతుంది. అందువల్లే ఒకే లోపం ఒకచోట స్పామ్ వరదగా, మరోచోట ఉత్తరాల కరువుగా కనిపిస్తుంది.

స్పామ్‌సీ సంగతి చూస్తే, స్పామ్‌డీ పలకకపోతే అది సెకను విరామంతో మూడుసార్లు ప్రయత్నిస్తుంది. అప్పటికీ కుదరకపోతే ఉత్తరాన్ని చేతిలో ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇచ్చేస్తుంది, అదీ పని సజావుగా జరిగిందన్న సంకేతంతోనే. ఉత్తరం పోకూడదన్న సదుద్దేశంతో పెట్టిన నియమం అది. ఫలితంగా వడపోత లేని ఉత్తరాలన్నీ నేరుగా ఇన్‌బాక్సుల్లోకి వెళ్లిపోతాయి. సర్వర్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. "ఈమధ్య స్పామ్ ఎక్కువైంది" అని ఎవరో ఒకరు విసుక్కునేదాకా వారాలు గడిచిపోవచ్చు.

పోస్ట్‌ఫిక్స్‌లో మిల్టర్ పద్ధతిలో ఫిల్టర్‌ను జోడిస్తే కథ తిరగబడుతుంది. మిల్టర్ అంటే ఉత్తరం ఇంకా గుమ్మంలో ఉండగానే ఫిల్టర్‌ను సంప్రదించే విధానం. మిల్టర్ దొరకకపోతే ఏం చేయాలన్నదానికి పోస్ట్‌ఫిక్స్‌లో ఎవరూ మార్చకుండా ఉండే జవాబు "టెంప్‌ఫెయిల్", అంటే ఇప్పుడు కాదు తర్వాత రమ్మనడం. పంపే సర్వర్‌కు 451 అనే కోడుతో ఆ మాట చేరుతుంది. ఎస్ఎంటీపీలో 4తో మొదలయ్యే కోడు తాత్కాలికం, 5తో మొదలయ్యేది శాశ్వతం. 4 విన్న సర్వర్ ఉత్తరాన్ని తన దగ్గరే ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇక్కడ స్పామ్ రాదు, అసలు ఉత్తరమే రాదు. ఆఫీసంతా అరగంటలో ఫోన్లు చేస్తుంది.

మూడో ఏర్పాటు అమావిస్ లాంటి మధ్యవర్తిది. పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాన్ని ముందు అందుకుని, 10024వ పోర్టులో ఉన్న అమావిస్‌కు అప్పగిస్తుంది; పరీక్ష అయ్యాక అమావిస్ దాన్ని 10025లో తిరిగి ఇస్తుంది. అమావిస్ పడిపోతే ఉత్తరాలు సొంత క్యూలోనే పేరుకుపోతాయి. పంపినవాళ్లకు చేరినట్టే ఉంటుంది, అందుకోవాల్సినవాళ్లకు అందదు. పోస్ట్‌ఫిక్స్ వాటిని 5 రోజులపాటు అట్టిపెట్టుకుని ప్రయత్నిస్తుంది, ఆ తర్వాత పంపినవాళ్లకు తిప్పికొడుతుంది.

వీటిలో ఏది మేలు? స్పామ్ వచ్చినా పర్వాలేదు, ఉత్తరం ఆగకూడదు అనేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. కానీ ఎస్ఎంటీపీకి ఓపిక ఎక్కువ. కొన్ని గంటల ఆలస్యాన్ని అది నష్టం లేకుండా భరించగలదు. వడపోత లేకుండా లోపలికి వచ్చిన ఒక్క ఫిషింగ్ ఉత్తరం చేసే నష్టాన్ని మాత్రం తర్వాత పూడ్చలేం. గోల చేసే లోపం మౌనంగా ఉండే లోపం కన్నా త్వరగా బాగవుతుందన్నది మరో కారణం. స్పామ్‌సీకి ఎక్స్ అనే ఆప్షన్ ఇస్తే అది కూడా మొహమాటపడకుండా లోపాన్ని చెప్పేస్తుంది, ఉత్తరం క్యూలో ఆగుతుంది. ఎగ్జిమ్‌లో ఇదే నిర్ణయం స్పామ్ నిబంధన చివర "డిఫర్ ఓకే" అన్న మాట పెట్టడం, పెట్టకపోవడంతో తేలిపోతుంది.

ముందు లాగ్

సర్వీసు రీస్టార్ట్ చేయడం చాలామందికి మొదటి మందు. చాలాసార్లు పనిచేస్తుంది కూడా. చిక్కేమిటంటే, రీస్టార్ట్‌తో కారణం కూడా కనిపించకుండా పోతుంది. మెమరీ చాలక చచ్చిన ప్రోగ్రామ్ రేపు మళ్లీ చస్తుంది, ఎందుకో అప్పటికీ తెలియదు. రీస్టార్ట్‌కు ముందు రెండు నిమిషాలు లాగ్ చదవడం మంచిది. డెబియన్, ఉబుంటు సర్వర్లలో మెయిల్ లాగ్ సాధారణంగా "మెయిల్ డాట్ లాగ్" పేరుతోనూ, రెడ్‌హ్యాట్ కుటుంబంలో "మెయిల్‌లాగ్" పేరుతోనూ వార్ లాగ్ డైరెక్టరీలో ఉంటుంది. కొత్త సర్వర్లలో ఆ ఫైలు లేకపోతే జర్నల్‌సీటీఎల్ ఆదేశంతో చూడవచ్చు.

లాగ్‌లో వెతకాల్సింది ఫిల్టర్ పేరు, దాని పక్కన ఉన్న రెండు మూడు మాటలు. "కనెక్షన్ రిఫ్యూజ్డ్", "కనెక్షన్ టైమ్డ్ అవుట్", "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ", "పర్మిషన్ డినైడ్". పైపైన అన్నీ "కనెక్ట్ కాలేదు" అనే చెబుతున్నట్టు ఉంటాయి గానీ ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూపిస్తుంది. ఇవి ఫిల్టర్ రాసినవాళ్లు పెట్టిన మాటలు కావు, ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పేవి. అందుకే ఏ ఫిల్టర్ విషయంలోనైనా వీటి అర్థం మారదు.

మొదటి రెంటికీ తేడా ఫోన్ వాడే ఎవరికైనా తెలిసేదే. నంబరు కొట్టగానే "ఈ నంబరు ఉపయోగంలో లేదు" అని వినిపించడం రిఫ్యూజ్డ్. రింగవుతూ రింగవుతూ చివరికి కట్ అయిపోవడం టైమ్డ్ అవుట్. మొదటిదాంట్లో జవాబు వెంటనే వచ్చింది, అంటే ఆ కంప్యూటర్ దాకా దారి ఉంది, ఆ పోర్టులో వినేవాళ్లే లేరు. రెండోదాంట్లో అడిగిన ప్రశ్న దారిలో ఎక్కడో ఆగిపోయి ఉండాలి, లేదా అవతల ఊపిరి సలపనంత పనిలో ఉండి ఉండాలి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

వినేవాళ్లు లేనప్పుడు

రిఫ్యూజ్డ్ అని వస్తే ఫిల్టర్ నడుస్తోందా అన్నది మొదటి ప్రశ్న. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అని సర్వీసు పేరుతో అడిగితే ఆ సంగతి తెలుస్తుంది. నడవకపోవడానికి అన్నిటికన్నా మామూలు కారణం నవ్వొచ్చేంత చిన్నది: సర్వర్ రీబూట్ అయింది, ఫిల్టర్ దానంతటది లేవలేదు. పాత డెబియన్ వెర్షన్లలో స్పామ్ అసాసిన్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన స్పామ్‌డీ మొదలయ్యేది కాదు. దాన్ని ఎనేబుల్ చేయమని విడిగా చెప్పాల్సి ఉండేది. చేత్తో స్టార్ట్ చేసి ఎనేబుల్ చేయడం మరిచిపోతే, తర్వాతి రీబూట్ దాకా అంతా బాగానే సాగుతుంది. ఆ రీబూట్ ఏడాది తర్వాత వస్తే అప్పుడు ఏం చేశారో గుర్తున్నవాళ్లు ఉండరు. వెర్షన్ అప్‌గ్రేడ్లలో సర్వీసు పేరు మారిపోవడం, స్పామ్‌డీ వేరే ప్యాకేజీగా విడిపోవడం కూడా ఇలాంటి ఫలితాన్నే ఇస్తాయి.

రెండో కారణం అమరిక ఫైలులో తప్పు. ఎవరో ఒక అడ్రసును నమ్మకమైన జాబితాలో చేరుస్తూ ఏదో ఒక అక్షరం తప్పు కొట్టి ఉండవచ్చు. స్పామ్ అసాసిన్‌కు లింట్ అనే ఆప్షన్ ఇచ్చి నడిపిస్తే అమరిక మొత్తాన్ని చదివి ఏ మాట అర్థం కాలేదో చెబుతుంది. డీబగ్ ఆప్షన్ కూడా కలిపితే ఏ ఫైలు ఎక్కడి నుంచి చదువుతోందో వరసగా చెబుతుంది. నియమాల్ని రోజూ కొత్తగా దింపే ఎస్‌ఏ అప్‌డేట్ కొత్త నియమాలను ముందు లింట్‌తో పరీక్షించాకే అమల్లో పెడుతుంది. చేత్తో రాసిన మార్పులకు అలాంటి కాపలా లేదు. మార్చిన ప్రతిసారీ లింట్ నడపడం రాసినవాళ్ల బాధ్యతే.

మూడోది మెమరీ. చిన్న సంస్థలు చౌకలో దొరికే ఒక గిగాబైట్ ర్యామ్ వర్చువల్ సర్వర్లో మెయిల్, స్పామ్ ఫిల్టర్, వైరస్ స్కానర్ అన్నీ కుక్కుతాయి. క్లామ్ ఏవీ అనే వైరస్ స్కానర్ ఒక్కదానికే తన వైరస్ పట్టికను మెమరీలో పెట్టుకోవడానికి గిగాబైటుకు పైగా కావాలి. మెమరీ నిండుకుంటే లినక్స్ కెర్నల్ ఏదో ఒక పెద్ద ప్రోగ్రామ్‌ను ఎంచుకుని చంపేస్తుంది. ఆ దెబ్బ ఫిల్టర్‌కు తగిలితే మెయిల్ లాగ్‌లో రిఫ్యూజ్డ్ అని తప్ప ఇంకేమీ కనపడదు. అసలు సాక్ష్యం కెర్నల్ లాగ్‌లో ఉంటుంది. "అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్" అన్న వాక్యం డీమెస్జ్ ఆదేశంతో బయటపడుతుంది. దీనికి సర్దుబాటు ర్యామ్ పెంచడమో, స్వాప్ జోడించడమో, వైరస్ స్కానర్‌ను వేరే చోటికి తరలించడమో. సర్వీసును ఆగినప్పుడల్లా తిరిగి లేపేలా పెట్టుకోవడం పైపూత మాత్రమే.

ఫిల్టర్ నడుస్తూ ఉండి కూడా రిఫ్యూజ్డ్ అని వస్తుంటే, అది వింటున్న చోటూ మెయిల్ ప్రోగ్రామ్ పిలుస్తున్న చోటూ ఒకటి కావన్నమాట. ఎస్‌ఎస్ అనే ఆదేశం ఏ ప్రోగ్రామ్ ఏ అడ్రసులో, ఏ పోర్టులో వింటోందో చూపిస్తుంది. స్పామ్‌డీకి 783, ఆర్‌స్పామ్‌డీ మిల్టర్‌కు 11332, అమావిస్‌కు 10024, క్లామ్ ఏవీకి 3310 మామూలుగా ఉండే నంబర్లు. ఆర్‌స్పామ్‌డీలో 11333, 11334 కూడా ఉంటాయి. మొదటిది ఉత్తరాలను పరీక్షించేది, రెండోది వెబ్ పేజీ చూపించేది. మిల్టర్ స్థానంలో 11334 రాసి, కనెక్ట్ అయినా పని ఎందుకు జరగడం లేదని తల పట్టుకోవడం కొత్తవాళ్లకు మామూలే.

ఇంకో ఉచ్చు "లోకల్‌హోస్ట్" అనే పేరులో ఉంది. పాత ఐపీ పద్ధతిలో దానికి 127.0.0.1 అనీ, కొత్త ఆరో వెర్షన్‌లో రెండు కోలన్ల పక్కన 1 అనీ రెండు అడ్రసులు ఉంటాయి. ఫిల్టర్ మొదటిదాంట్లో మాత్రమే వింటూ, మెయిల్ ప్రోగ్రామ్ లోకల్‌హోస్ట్ పేరును రెండోదిగా అర్థం చేసుకుంటే ఇద్దరూ ఒకే యంత్రంలో ఉండి కూడా కలుసుకోరు. అమరికలో పేరుకు బదులు 127.0.0.1 అని అంకెల్లో రాస్తే ఆ అయోమయం పోతుంది. డాకర్ కంటైనర్లలో ఇది మరో రూపం ఎత్తుతుంది. అక్కడ ప్రతి కంటైనర్‌కూ 127.0.0.1 అంటే తానే. పోస్ట్‌ఫిక్స్ ఒక కంటైనర్లో, ఫిల్టర్ ఇంకో కంటైనర్లో ఉంటే ఆ అడ్రసుతో పిలవడం తనను తాను పిలుచుకోవడమే. రెండో కంటైనర్‌ను దాని పేరుతో పిలవాలి.

కనెక్షన్ కుదిరీ కుదరగానే తెగిపోతుంటే కారణం అనుమతి. ఎవరి దగ్గర్నుంచి పిలుపు తీసుకోవాలో స్పామ్‌డీకి ఒక జాబితా ఉంటుంది, మార్చకపోతే అందులో సొంత యంత్రం తప్ప మరెవరూ ఉండరు. మెయిల్ సర్వర్ ఒక చోట, ఫిల్టర్ ఇంకో చోట ఉన్నప్పుడు ఆ జాబితాలో మెయిల్ సర్వర్ అడ్రసు చేర్చాలి. వినే అడ్రసును కూడా మార్చాలి. ఒకటి చేసి రెండోది మరవడం తరచూ జరిగేదే. విసిగిపోయి ఎవరైనా రావచ్చని తలుపు బార్లా తెరవడం మాత్రం చేయకూడని పని. స్పామ్‌డీ భాషలో పాస్‌వర్డ్ అనేదే లేదు. 783 పోర్టు ఇంటర్నెట్ మొత్తానికి కనపడితే దారిన పోయేవాళ్లంతా దానితో పని చేయించుకోవచ్చు.

సాకెట్ ఫైలు, దాని ఇరుకు గది

ఒకే యంత్రంలో ఉన్న ప్రోగ్రాములు పోర్టు నంబరుకు బదులు ఒక ఫైలు ద్వారా కూడా మాట్లాడుకోవచ్చు. దాన్ని యూనిక్స్ సాకెట్ అంటారు. "నో సచ్ ఫైల్" అనీ, "పర్మిషన్ డినైడ్" అనీ వచ్చేవి ఈ ఏర్పాటులోనే.

ఫైలు ఎదురుగా కనపడుతూ ఉంటుంది, పోస్ట్‌ఫిక్స్ మాత్రం లేదంటుంది. ఈ వింతకు కారణం క్రూట్. భద్రత కోసం పోస్ట్‌ఫిక్స్‌లోని కొన్ని భాగాలను వార్ స్పూల్ పోస్ట్‌ఫిక్స్ అనే డైరెక్టరీలో బంధించి నడిపించవచ్చు. డెబియన్, ఉబుంటుల్లో ఈ బంధం చాలాకాలంగా మామూలు అమరిక. బందీగా ఉన్న ప్రోగ్రామ్‌కు ఆ డైరెక్టరీయే లోకం. బయట రన్ డైరెక్టరీలో ఉన్న సాకెట్ దానికి లేనట్టే. కాబట్టి సాకెట్‌ను ఆ డైరెక్టరీ లోపలే పుట్టేలా ఫిల్టర్‌కు చెప్పాలి. పోస్ట్‌ఫిక్స్ అమరికలో మాత్రం దాని దారిని ఆ డైరెక్టరీ నుంచి మొదలుపెట్టి రాయాలి. ఒకే ఫైలుకు రెండు చోట్ల రెండు దారులు రాయాల్సి రావడం ఎంత అనుభవజ్ఞులనైనా ఒకసారి తికమక పెడుతుంది. వియెట్స వెనెమా ఐబీఎంలో ఉండగా పోస్ట్‌ఫిక్స్‌ను చిన్న చిన్న ముక్కలుగా, ఒక్కో ముక్కకు అవసరమైనంత అధికారమే ఉండేలా రూపొందించాడు. 1998లో విడుదలైన నాటి నుంచీ అదే దాని బలం. ఈ తికమక ఆ బలానికి కట్టే సుంకం అనుకోవాలి.

పర్మిషన్ డినైడ్‌కు మందు సాధారణంగా గ్రూపుల్లో ఉంటుంది. సాకెట్ ఫిల్టర్ యూజర్‌ది, దాన్ని తెరవాల్సింది పోస్ట్‌ఫిక్స్ యూజర్. పోస్ట్‌ఫిక్స్‌ను ఫిల్టర్ గ్రూపులో చేర్చి, గ్రూపుకు రాసే అనుమతి ఇచ్చి, రెండింటినీ రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ చేయకపోతే కొత్త గ్రూపు సంగతి నడుస్తున్న ప్రోగ్రామ్‌కు తెలియదు. సాకెట్ ఉన్న డైరెక్టరీకి, దానిపై డైరెక్టరీలకు కూడా లోపలికి వెళ్లే అనుమతి ఉండాలి. అన్నీ సరిగ్గా ఉన్నా డినైడ్ అని వస్తుంటే, అందులోనూ రెడ్‌హ్యాట్ కుటుంబంలో, ఎస్‌ఈలినక్స్‌ను అనుమానించాలి. దాని అభ్యంతరాలు మెయిల్ లాగ్‌లో కనపడవు, ఆడిట్ లాగ్‌లో ఉంటాయి. ఎస్‌ఈలినక్స్‌ను పూర్తిగా ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. ఆ ఒక్క పనికి మాత్రం అనుమతి ఇచ్చే నియమం రాయడానికి పట్టేది పది నిమిషాలు.

రింగవుతుంది, ఎత్తరు

టైమ్డ్ అవుట్ అని వస్తే, ఫిల్టర్ వేరే యంత్రంలో ఉన్నప్పుడు మొదట చూడాల్సింది ఫైర్‌వాల్. చాలా ఫైర్‌వాల్‌లు అనుమతి లేని పిలుపును తిరస్కరించినట్టు కూడా చెప్పకుండా పారేస్తాయి, పిలిచినవాళ్లు గడువు తీరేదాకా ఎదురుచూడాల్సిందే. క్లౌడ్ సర్వర్లలో యంత్రం లోపలి ఫైర్‌వాల్ కాకుండా, ప్రొవైడర్ కంట్రోల్ ప్యానెల్లో మరొకటి ఉంటుంది. లోపలిది తెరిచి బయటిది మరిచిపోవడం పరిపాటి. మెయిల్ సర్వర్ నుంచి ఎన్‌సీ ఆదేశంతో ఆ పోర్టును తట్టి చూస్తే విషయం క్షణంలో తేలుతుంది.

రెండూ ఒకే యంత్రంలో ఉండి కూడా గడువు మీరుతుంటే లోపం కనెక్షన్‌లో లేదు, తీరికలో ఉంది. స్పామ్‌డీ ఒకేసారి ఎన్ని ఉత్తరాలు చూడగలదన్నది దాని పిల్ల ప్రాసెస్‌ల సంఖ్యను బట్టి ఉంటుంది. మార్చకపోతే అవి 5. ఆరో ఉత్తరం వరసలో నిలబడాలి. స్పామ్‌డీ ఈ సంగతిని లాగ్‌లో స్వయంగా ఒప్పుకుంటుంది, మాక్స్ చిల్డ్రన్ పరిమితి దాకా వచ్చాం, పెంచే విషయం ఆలోచించండి అని రాస్తుంది. ఆ సలహాను కళ్లు మూసుకుని పాటించకూడదు. ప్రతి పిల్ల ప్రాసెస్‌కూ పదుల మెగాబైట్ల మెమరీ కావాలి. సంఖ్యను 5 నుంచి 50కి పెంచితే టైమ్ అవుట్ కాస్తా ఇంతకుముందు చెప్పిన మెమరీ చావుగా మారుతుంది. ఒక్కో ఉత్తరానికి ఇంతసేపు ఎందుకు పడుతోందో ముందు చూడాలి.

ఆ ఆలస్యం వెనక దోషి చాలాసార్లు డీఎన్ఎస్. పంపిన సర్వర్ అడ్రసు చెడ్డవాళ్ల పట్టికలో ఉందా అని ఫిల్టర్ ప్రతి ఉత్తరానికీ బయటి బ్లాక్‌లిస్టులను అడుగుతుంది. 1997లో పాల్ విక్సీ మొదలుపెట్టిన పట్టిక వీటికి ఆద్యం. 1998లో స్టీవ్ లిన్‌ఫర్డ్ స్థాపించిన స్పామ్‌హాస్ పట్టికలు నేడు అన్నిటికన్నా ఎక్కువ పేరున్నవి. ప్రశ్నలన్నీ డీఎన్ఎస్ ద్వారానే వెళతాయి. డీఎన్ఎస్ జవాబు రావడం ఆలస్యమైతే ఫిల్టర్ ఆగుతుంది, ఫిల్టర్ ఆగితే మెయిల్ ప్రోగ్రామ్ గడువు మీరుతుంది. లాగ్‌లో కనపడేది మాత్రం "ఫిల్టర్ కనెక్షన్ టైమ్డ్ అవుట్" అన్న మాటే. అసలు జబ్బు రెండు అడుగులు అవతల ఉందన్నమాట.

డీఎన్ఎస్ కోసం గూగుల్ వారి 8.8.8.8 లాంటి ఉచిత సర్వర్లను వాడే మెయిల్ సర్వర్లకు ఇంకో ముప్పుంది. అలాంటి సర్వర్ల ద్వారా వచ్చే ప్రశ్నలకు స్పామ్‌హాస్ సరైన జవాబు ఇవ్వదు. పట్టికలో ఉన్న అడ్రసుకు 127.0.0.2 లాంటి సమాధానం ఇచ్చే చోట, మీరు అడగాల్సిన పద్ధతి ఇది కాదని చెప్పడానికి 127.255.255.254 అని పంపుతుంది. పోస్ట్‌ఫిక్స్ అమరికలో ఏ జవాబుకు ఏ అర్థమో వివరంగా రాయకపోతే, ఏ జవాబు వచ్చినా పట్టికలో ఉన్నట్టే లెక్కగట్టి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తిప్పికొట్టేస్తుంది. సర్వర్‌లోనే అన్‌బౌండ్ లాంటి సొంత డీఎన్ఎస్ రిజాల్వర్ పెట్టుకుంటే ఈ ముప్పూ తప్పుతుంది, జవాబుల వేగమూ పెరుగుతుంది. మెయిల్ సర్వర్‌కు అది విలాసం కాదు, అవసరం.

పట్టికలు చచ్చిపోతాయి కూడా. ఓఆర్‌డీబీ అనే పట్టిక 2006 చివర్లో మూతపడింది. అయినా వేలాది సర్వర్లు దాన్ని అడగడం మానలేదు. 2008 మార్చిలో అది ఏ అడ్రసు అడిగినా "పట్టికలో ఉంది" అని జవాబివ్వడం మొదలుపెట్టింది. ఇంకా అడుగుతున్న సర్వర్లలో మంచి ఉత్తరాలన్నీ ఆగిపోయాయి, అప్పుడు గానీ అడ్మిన్‌లు ఆ వరుసను తీసేయలేదు. దీర్ఘకాలం నడిచిన సోర్బ్స్ కూడా 2024 జూన్‌లో ఆగిపోయింది. అమరికలో ఉన్న ప్రతి పట్టికా బతికే ఉందో లేదో ఏడాదికోసారైనా చూసుకోవడం మంచిది. బ్లాక్‌లిస్టులన్నీ 127.0.0.2 అనే అడ్రసును పరీక్ష కోసం ఎప్పుడూ పట్టికలోనే ఉంచుతాయి, 127.0.0.1ని ఎప్పుడూ ఉంచవు. ఈ రెండింటినీ అడిగి చూస్తే పట్టిక బతికుందా, మతి తప్పిందా అన్నది తెలిసిపోతుంది.

గడువుల లెక్క కూడా ఒకదానికొకటి పొసగాలి. పోస్ట్‌ఫిక్స్ మిల్టర్‌తో కనెక్షన్ కోసం 30 సెకన్లు, ఉత్తరం మొత్తం చదివించాక తీర్పు కోసం 300 సెకన్లు ఆగుతుంది. స్పామ్‌డీ పిల్ల ప్రాసెస్ గడువు కూడా 300 సెకన్లే. స్పామ్‌సీ మాత్రం 600 సెకన్లు ఓపిక పడుతుంది. అవతల పంపే సర్వర్ ఉత్తరం పూర్తిగా ఇచ్చేశాక కనీసం 10 నిమిషాలు ఎదురుచూడాలని ఎస్ఎంటీపీ ప్రమాణం చెబుతుంది. లోపలి గడువులు దాన్ని మించితే అవతలివాళ్లు విసిగి వెళ్లిపోయి మళ్లీ అదే ఉత్తరం తెస్తారు. ఇక్కడ మొదటి ప్రతి కూడా పూర్తవుతుంది. ఒకే ఉత్తరం రెండు మూడుసార్లు రావడానికి ఇదొక కారణం.

కనెక్షన్ లోపం అనిపించి కానివి

పెద్ద అటాచ్‌మెంట్ ఉన్న ఉత్తరాలకు మాత్రమే స్పామ్ ముద్రలు లేకపోతే కంగారు పడనక్కర్లేదు. 500 కిలోబైట్లు దాటినవాటిని స్పామ్‌సీ తనంతట తానే వదిలేస్తుంది. హెడర్లలో "ఎక్స్ స్పామ్ స్టేటస్" అన్న వరుస ఉందా లేదా అన్నదే అన్ని సందేహాలకూ గీటురాయి. వరుస ఉందంటే ఉత్తరం ఫిల్టర్ దాకా వెళ్లొచ్చింది. తీర్పు తప్పయితే అది వేరే సమస్య. 2010 జనవరి 1న అలాంటిదే జరిగింది. 2010, ఆ తర్వాతి సంవత్సరాల తేదీలను సుదూర భవిష్యత్తుగా లెక్కగట్టే పాత నియమం ఒకటి స్పామ్ అసాసిన్‌లో ఉండిపోయింది. కొత్త సంవత్సరం రాగానే మంచి ఉత్తరాలకు సైతం అమరికను బట్టి 2 నుంచి 3.5 దాకా అదనపు మార్కులు పడ్డాయి. కనెక్షన్లన్నీ భేషుగ్గా ఉన్నాయి, ఉత్తరాలు మాత్రం స్పామ్ ఫోల్డర్లలో పడ్డాయి.

బాగయ్యాక

లంకె తిరిగి కలిసిందని రుజువు చేసుకోవడానికి మూడు మెట్లున్నాయి. స్పామ్‌సీకి కే అనే ఆప్షన్ ఇస్తే స్పామ్‌డీని పింగ్ అని పలకరిస్తుంది, బతికుంటే పాంగ్ అని జవాబొస్తుంది. తర్వాత జీట్యూబ్ అనే పరీక్షా వాక్యం ఉన్న ఉత్తరాన్ని పంపాలి. ఏ ఫిల్టర్ అయినా స్పామ్‌గా గుర్తించాలని అందరూ ఒప్పుకున్న అక్షరాల వరస అది; స్పామ్ అసాసిన్ దానికి ఏకంగా 1000 మార్కులు వేస్తుంది. దాన్ని నేరుగా ఫిల్టర్‌కు ఇచ్చి చూడటం సరిపోదు. బయటి ఖాతా నుంచి పంపి, దారి పొడవునా వచ్చాక హెడర్లలో ఏముందో చూడటం చివరి మెట్టు.

ఇక పేరుకుపోయిన క్యూ. ఎన్ని ఉత్తరాలున్నాయో మెయిల్‌క్యూ ఆదేశం చెబుతుంది. పోస్ట్‌క్యూతో అన్నింటినీ ఒక్కసారిగా తోసేయాలని చేతులు దురదపెట్టడం సహజం. అప్పుడే లేచిన ఫిల్టర్ మీద వేలాది ఉత్తరాలు ఒక్కపెట్టున పడితే మళ్లీ కూలబడే ప్రమాదం ఉంది. అమావిస్ మార్చకపోతే ఒకేసారి రెండు ఉత్తరాలే చూస్తుంది. పోస్ట్‌ఫిక్స్ దానికి పంపే ప్రాసెస్‌ల సంఖ్య కూడా అంతే ఉండాలి. తోయకుండా వదిలేసినా నష్టం లేదు. పోస్ట్‌ఫిక్స్ ఆగిన ఉత్తరాలను 300 సెకన్ల నుంచి 4000 సెకన్ల విరామంతో తనంతట తానే మళ్లీ పంపుతుంది, గంటా గంటన్నరలో వరస కదులుతుంది. ఈ లోపు అందాల్సిన ముఖ్యమైన ఉత్తరం ఏదైనా ఉంటే దాని క్యూ నంబరు పట్టుకుని ఒక్కదాన్నే ముందుకు పంపించవచ్చు.

నాజియోస్, జాబిక్స్ లాంటి నిఘా సాధనాలు చాలా సంస్థల్లో ఉన్నా అవి 25వ పోర్టును మాత్రమే చూస్తుంటాయి. ఫిల్టర్ పోర్టునూ, క్యూ పొడవునూ, పిల్ల ప్రాసెస్‌ల పరిమితి గురించిన హెచ్చరికనూ వాటికి చేర్చాలి. స్పామ్‌సీ మౌనంగా వదిలేసే ఏర్పాటు ఉన్న చోట అది కూడా చాలదు. రోజుకోసారి జీట్యూబ్ ఉత్తరాన్ని బయటి నుంచి పంపించి, అది ఇన్‌బాక్సులో తేలితే ఫోనుకు సందేశం వచ్చేలా పెట్టాలి.